యూనివర్సిటీ క్యాంపస్సా, చిన్న ప్రైవేటు కాలేజీనా?

ఈఏపీసెట్ ర్యాంకు వచ్చాక వెబ్ ఆప్షన్లు పెట్టే నాలుగైదు రోజుల్లో చాలా ఇళ్లలో ఒకే వాదన నడుస్తుంది. యూనివర్సిటీలో సీటు వచ్చే అవకాశముంటే వదులుకోకూడదని ఒకరంటారు. అక్కడ పాఠం చెప్పేవాళ్లే లేరు, దగ్గర్లో ఉన్న చిన్న ప్రైవేటు కాలేజీలోనైతే పిల్లల్ని కనిపెట్టుకుని చూస్తారని ఇంకొకరంటారు. ఇద్దరి మాటలోనూ కొంత నిజముంది. ఇద్దరూ మరిచిపోయే సంగతీ ఒకటుంది. అనుబంధ కాలేజీలో చదివినా, క్యాంపస్‌లో చదివినా చివరికి పట్టా ఇచ్చేది జేఎన్‌టీయూనో, ఉస్మానియానో, మరో విశ్వవిద్యాలయమో. అటానమస్ కాలేజీ సిలబస్ తానే రాసుకుంటుంది, పరీక్షలు తానే పెట్టుకుంటుంది, అయినా పట్టా ఇవ్వాల్సింది విశ్వవిద్యాలయమే. (డీమ్డ్, ప్రైవేటు యూనివర్సిటీలు సొంత పట్టా ఇస్తాయి. వాటి లెక్క వేరు, ఇక్కడ వాటి జోలికి పోవడం లేదు.) కాబట్టి ఈ నాలుగు రోజుల్లో మీరు తేల్చుకోవాల్సింది పట్టా సంగతి కాదు. నాలుగేళ్లు ఎవరి దగ్గర చదువుతారు, ఎవరి పక్కన కూర్చుంటారు, మీరు వారం రోజులు కనిపించకపోతే ఎవరు అడుగుతారు అన్నవే తేలాలి. ఈ మూడూ ఒకే కాలేజీలో బ్రాంచికో రకంగా ఉంటాయి. అందుకే సంస్థకు సంస్థను పోల్చే అలవాటు మానుకుని, డిపార్ట్‌మెంట్‌కు డిపార్ట్‌మెంట్‌ను పోల్చమని ఈ అధ్యాయం చెబుతుంది.

దీనికి ఆధారం లేకపోలేదు. 2014లో అమెరికాలో గ్యాలప్ సంస్థ, పర్‌డ్యూ విశ్వవిద్యాలయం కలిసి 30 వేల మందికి పైగా పట్టభద్రులను సర్వే చేశాయి. చదువు అయిపోయాక ఉద్యోగంలో మనసు పెట్టి పనిచేస్తున్నారా, జీవితం బాగుందనుకుంటున్నారా అన్నవి ప్రశ్నలు. చదివింది ప్రభుత్వ విశ్వవిద్యాలయమా, లాభాపేక్ష లేని ప్రైవేటు కాలేజీయా అన్నదానికీ జవాబులకీ పెద్దగా సంబంధం కనిపించలేదు. సంబంధం కనిపించినవి వేరే ఉన్నాయి. తనను ఒక మనిషిగా పట్టించుకున్న అధ్యాపకులు, చదువు మీద ఉత్సాహం పుట్టించిన ఒక్క అధ్యాపకుడైనా, వెన్నుతట్టి దారి చూపిన ఒక పెద్ద దిక్కు. ఈ మూడూ తమకు గట్టిగా దక్కాయని చెప్పినవాళ్లు 14 శాతమే. దక్కినవాళ్లు పనిలో మనసు పెట్టే అవకాశం మాత్రం మిగతావాళ్ల కంటే రెట్టింపుకు మించి ఉంది. బాగా స్థిరపడినవాడు పాత మాస్టర్లను ప్రేమగానే తలచుకుంటాడు, ఇందులో ఏది కారణం, ఏది ఫలితం అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. సర్వే ఒక్కదానితోనే దానికి జవాబు దొరకదు.

కాలేజీ పేరు వల్లే మేలు జరుగుతుందా అన్న ప్రశ్నకు మాత్రం మరో చోట జవాబు దొరుకుతుంది. స్టేసీ డేల్, అలన్ క్రూగర్ అనే ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు 2002లో ప్రచురించిన అధ్యయనంలో 1976లో అమెరికా కాలేజీల్లో చేరినవారి ఆదాయాలను తర్వాతి కాలంలో పరిశీలించారు. పెద్ద పేరున్న కాలేజీలో చదివినవాళ్లు ఎక్కువ సంపాదిస్తారన్నది అందరికీ తెలిసిందే. వీళ్లు మాత్రం అలాంటి కాలేజీల్లో సీటు వచ్చీ వద్దనుకుని మరోచోట చేరినవాళ్లను వెతికి పట్టుకున్నారు. ఇరువర్గాల ఆదాయాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. సంపాదన తెచ్చింది కాలేజీ గేటు కాదని, ఆ గేటు దాకా వెళ్లగలిగిన విద్యార్థి సత్తా అని దాని సారం. అయితే ఈ ఫలితానికి ఒక మినహాయింపు ఉంది, మనకు ముఖ్యమైనది అదే. పేద కుటుంబాల పిల్లలకు పెద్ద కాలేజీ వల్ల మేలు జరిగింది. తర్వాత మరింత విస్తృతంగా చేసిన అధ్యయనంలో నల్లజాతి, హిస్పానిక్ విద్యార్థుల విషయంలోనూ, తల్లిదండ్రులకు పెద్ద చదువు లేనివారి విషయంలోనూ ఇదే తేలింది. అమెరికా లెక్కలు మన కాలేజీలకు అచ్చంగా సరిపోవు. కానీ కారణం ఊహించడం కష్టం కాదు. ఇంట్లో అప్పటికే ఒక ఇంజినీరో లెక్చరరో ఉంటే గేట్ పరీక్ష ఎప్పుడు రాయాలో, ఇంటర్న్‌షిప్‌కు ఎవరిని అడగాలో భోజనాల దగ్గరే తెలిసిపోతుంది. ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కుతున్నవారికి ఆ సమాచారం సీనియర్లు, హాస్టల్ మిత్రులు, అధ్యాపకులు ఇవ్వాలి. వాళ్లు అక్కడ ఉండాలి కదా.

ఇక చిన్న, పెద్ద అన్న మాటల సంగతి. మన దగ్గర ఇవి తరచూ తలకిందులుగా ఉంటాయి. విశ్వవిద్యాలయం వందల ఎకరాల్లో ఉన్నా, దాని ఇంజినీరింగ్ కాలేజీలో ఒక బ్రాంచికి రెగ్యులర్ సీట్లు కొన్ని పదులే. ఊరి శివారులో ఒకే ఆవరణలో నడిచే ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ సైన్స్, దాని ఉపశాఖలు కలిపి ఎనిమిది, పది సెక్షన్లు ఉండొచ్చు. 2024 నుంచి ఏఐసీటీఈ నిర్ణీత ప్రమాణాలున్న కాలేజీలకు ఒక బ్రాంచిలో సీట్ల గరిష్ఠ పరిమితిని ఎత్తేయడంతో ఈ ధోరణికి ఇంకా ఊపొచ్చింది. సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ సీట్లు తగ్గించుకుని కంప్యూటర్ సైన్స్ సీట్లు పెంచుకున్న కాలేజీలు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. అలాంటి చోట మీ అబ్బాయి చేరేది చిన్న కాలేజీలోనే అయినా, వందల మంది ఉన్న బ్రాంచిలో ఒకడవుతాడు. ఇరవై మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉండాలని ఏఐసీటీఈ నిబంధన. కాగితం మీద ఈ లెక్క దాదాపు అందరూ సరిపెడతారు. అధ్యాపకుల జాబితాలో పేరుండటం వేరు, మంగళవారం రెండో పీరియడ్‌లో ఆ మనిషి తరగతిలో ఉండటం వేరు. పైగా ఆ నిష్పత్తి కాలేజీ మొత్తం మీద వేసిన సగటు. విద్యార్థులు లేని మెకానికల్ విభాగంలోని అధ్యాపకులు కంప్యూటర్ సైన్స్ నిష్పత్తిని కూడా అందంగా చూపిస్తారు. అందుకని సంస్థ ఎంత పెద్దదని అడగకండి. మీరు చేరబోయే సెక్షన్‌లో ఎందరుంటారు, వారికి పాఠం చెప్పేవాళ్లు గత రెండేళ్లలో ఎందరు మారారు అని అడగండి. రెండో ప్రశ్నకు వచ్చే జవాబే ఎక్కువ చెబుతుంది. జీతాలు సరిగా ఇవ్వని చోట ఎవరూ నిలవరు.

విశ్వవిద్యాలయాల్లో పాఠాలే జరగవన్న ఆరోపణను తోసిపుచ్చలేం. తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో బోధన పోస్టులు ఏళ్ల తరబడి పెద్ద సంఖ్యలో ఖాళీగా ఉన్నాయి. కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ అధ్యాపకులతో బండి లాగిస్తున్నారు. కాంట్రాక్టు అధ్యాపకుల్లో గొప్పగా చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు, కానీ ఏటా ఉద్యోగం ఉంటుందో పోతుందో తెలియని మనిషిని ఒక పిల్లవాడి నాలుగేళ్ల బాధ్యత తీసుకోమనడం న్యాయం కాదు. ఇక్కడ కూడా డిపార్ట్‌మెంట్‌ను బట్టే చూడాలి. ఒకే క్యాంపస్‌లో ఒక విభాగంలో నలుగురైదుగురు సీనియర్ ప్రొఫెసర్లు, పీహెచ్‌డీ చేస్తున్న పరిశోధకులు, నడుస్తున్న ప్రాజెక్టులు ఉంటాయి. పక్క భవనంలోని విభాగాన్ని ఇద్దరు నెట్టుకొస్తుంటారు. క్యాంపస్ అనగానే రెండింటినీ ఒకే గాటన కట్టేస్తే మోసపోతారు. ధర్నాలు, బంద్‌ల వల్ల చదువు పాడవుతుందన్న భయం మాత్రం నాకు కాస్త అతిగా కనిపిస్తుంది. సెమిస్టర్ పద్ధతి వచ్చాక పరీక్షల క్యాలెండర్ క్యాంపస్‌నూ అనుబంధ కాలేజీలనూ ఒకేలా తరుముతోంది.

రెండు చోట్లా దొరికేవి ఏమిటో ఇప్పుడు నిదానంగా చూద్దాం. మంచి విశ్వవిద్యాలయ క్యాంపస్ సరుకున్న చోటు. రాత్రి దాకా తెరిచి ఉండే రీడింగ్ రూమ్, రకరకాల శాస్త్రాల పుస్తకాలు, పోటీ పరీక్షలకు చదువుతున్న సీనియర్లు, వేర్వేరు జిల్లాల నుంచి వచ్చిన తోటివారు, పరిశోధనలో మునిగిన అధ్యాపకులు. అయితే అక్కడ ఎవరూ మీ చేయి పట్టుకుని తీసుకెళ్లి చూపించరు. అడిగినవాడికి చాలా దొరుకుతుంది, అడగనివాడు నాలుగేళ్లు ఆ భవనాల మధ్య తిరిగి వెళ్లిపోతాడు. చిన్న ప్రైవేటు కాలేజీ దీనికి తిరగేసిన బొమ్మ. అటెండెన్స్ 75 శాతం దాటకపోతే ఇంటికి మెసేజ్ వెళ్తుంది, ఇరవై మందికో మెంటర్, మిడ్ పరీక్షలో మార్కులు తగ్గితే అమ్మానాన్నలకు ఫోన్. తోసేవాళ్లు ఉంటారు. తోసుకుంటూ వెళ్లి చేరడానికి అక్కడ ఏముందన్నదే ప్రశ్న. సాయంత్రం నాలుగు గంటలకు కాలేజీ బస్సులు వరసగా కదులుతాయి, ఆ తర్వాత ల్యాబ్‌లో ఉండాలన్నా ఉండే వీలు లేదు. హైదరాబాద్‌లో ఇబ్రహీంపట్నం, ఘట్‌కేసర్, మేడ్చల్ వైపు కాలేజీలకు ఊరి మధ్య నుంచి రోజూ వెళ్లొచ్చేవాళ్లకు రెండు మూడు గంటలు బస్సులోనే పోతాయి. నాలుగేళ్లకు లెక్కేస్తే అది ఒక సెమిస్టర్ చదువు సమయాన్ని మించుతుంది. ఫీజు లెక్కేసే ఇంట్లో ఈ లెక్క ఎందుకో ఎవరూ వెయ్యరు.

అందువల్ల ఈ పిల్లవాడికి కొరతగా ఉన్నది సరుకా, తోపుడా అన్నది ముందు తేల్చుకోవాలి. ఇక్కడ మనకే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. రెండేళ్లు రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలో పొద్దున అయిదింటికి లేపితే లేచి, స్టడీ అవర్‌లో కూర్చోమంటే కూర్చుని, వారం వారం పరీక్ష రాసి ర్యాంకు తెచ్చుకున్న పిల్లలు మన దగ్గర లక్షల్లో ఉన్నారు. ర్యాంకు నిజమైనదే. కానీ ఎవరూ చెప్పకుండా ఒక పుస్తకం తెరిచే అలవాటు వాళ్లలో చాలామందికి పట్టుబడలేదు, పట్టుబడే అవకాశం ఎవరూ ఇవ్వలేదు. అలాంటి విద్యార్థి అడిగేవాళ్లు లేని హాస్టల్లో దిగిన మొదటి ఏడాదే నాలుగైదు సబ్జెక్టులు వదిలేస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. అయితే చిన్న కాలేజీయే మంచిదన్నమాట అని వెంటనే అనేయకండి. కాపలా నాలుగో ఏడాది దాకా అలాగే కొనసాగితే, ఆ పిల్లవాడు ఇరవై రెండేళ్లకు ఉద్యోగంలో మొదటి రోజున ఎదుర్కొనేది ఇదే సమస్య. అప్పుడు ఇంటికి ఫోన్ చేసే మెంటర్ ఉండడు. తోడు మొదటి ఏడాది గట్టిగా ఉండి, మూడో ఏడాదికి పలచబడి, విద్యార్థి సొంతంగా ప్రాజెక్టు చేసే స్థితికి వచ్చే చిన్న కాలేజీ దొరికితే అది ఉత్తమం. అలాంటివి ఉన్నాయి, కానీ తక్కువ. దొరకనప్పుడు, హాస్టల్లో ఉండగలిగి, సందేహం వస్తే మరొకరిని అడగడానికి మొహమాటపడని పిల్లలైతే క్యాంపస్‌కే పంపమంటాను. ఇంట్లో మొదటి తరం చదువైతే ఇంకా గట్టిగా అదే చెబుతాను. మొదటి ఏడాది కాస్త తడబడినా అక్కడ పరిచయమైన మనుషులు తర్వాత పనికొస్తారు.

దీనికి ఎదురయ్యే పెద్ద అభ్యంతరం ప్లేస్‌మెంట్లు. ప్రైవేటు కాలేజీ బస్సుల వెనక, ఫ్లెక్సీల మీద కనిపించే ప్యాకేజీ అంకె ఒక్క విద్యార్థిది. మిగతావాళ్ల కథ అందులో ఉండదు. ఆ కథ కావాలంటే కేంద్ర విద్యాశాఖ నడిపే ఎన్‌ఐఆర్‌ఎఫ్‌కు కాలేజీలు సమర్పించే వివరాలు చూడండి. 2016 నుంచి వస్తున్న ఈ ర్యాంకుల వెనక ప్రతి కాలేజీ ఇచ్చిన పట్టిక ఉంటుంది. ఎంతమంది చేరారు, నిర్ణీత కాలంలో ఎంతమంది పట్టా పొందారు, ఎంతమందికి ఉద్యోగాలు వచ్చాయి, పై చదువులకు ఎంతమంది వెళ్లారు, మధ్యస్థ జీతం ఎంత. మధ్యస్థ జీతమంటే వరసలో సరిగ్గా మధ్యన నిలబడ్డవారిది. ఒకడికి వచ్చిన 40 లక్షలు దాన్ని పైకి లేపలేవు. ఉదాహరణకు ఒక కాలేజీలో 600 మంది చేరి, 420 మంది సమయానికి బయటపడి, 300 మందికి ఉద్యోగాలు వచ్చాయనుకుందాం. కాలేజీ 71 శాతం అని ప్రకటిస్తుంది, అబద్ధం కాదు. చేరినవాళ్లలో చూస్తే 50 శాతమే. ఆ కనిపించని 180 మందిలో మీవాడు ఉండొచ్చు. ఒకే విద్యార్థికి వచ్చిన మూడు ఆఫర్లను మూడుగా లెక్కపెట్టే కాలేజీలూ ఉన్నాయి, కాబట్టి ఆఫర్లు ఎన్ని అని కాకుండా విద్యార్థులు ఎందరు అని అడగండి. ఇదంతా కాలేజీలు తమకు తాము ఇచ్చుకున్న సమాచారమే, వీటినీ పూర్తిగా నమ్మనక్కర్లేదు. కానీ ఫ్లెక్సీ కంటే నయం. అసలు ఆ వివరాలే ఇవ్వని కాలేజీ గురించి మీరు మీ నిర్ణయానికి రావచ్చు. పైగా పెద్ద సాఫ్ట్‌వేర్ సంస్థల నియామకాల్లో కొంత భాగం ఇప్పుడు కాలేజీతో పనిలేని పరీక్షల ద్వారానే జరుగుతోంది. టీసీఎస్ జాతీయ అర్హత పరీక్ష అలాంటిదే. చాలా సంస్థలు ఇతర బ్రాంచిల వాళ్లనూ తీసుకుంటాయి. ఏదో ఒక కాలేజీలో కంప్యూటర్ సైన్స్ కోసం క్యాంపస్‌లో ఎలక్ట్రికల్ సీటు వదులుకునే ముందు ఈ సంగతి గుర్తుంచుకోండి.

న్యాక్ గ్రేడ్ సంగతీ ఇంతే. అది సంస్థ మొత్తానికి ఇచ్చే గ్రేడ్. ఎన్‌బీఏ గుర్తింపు మాత్రం ఒక్కో బ్రాంచికి విడిగా ఇస్తారు. గేటు మీద ఎన్‌బీఏ అని బోర్డు కనిపిస్తే అది ఏ బ్రాంచికి, ఏ సంవత్సరం దాకా అన్నది తప్పక అడగండి. కొత్తగా పుట్టిన కృత్రిమ మేధ ఉపశాఖకు అది ఉండకపోవచ్చు.

డబ్బు విషయంలో ఒక భ్రమ వదిలించుకోవాలి. ప్రభుత్వ విశ్వవిద్యాలయం అనగానే చౌక అనుకుంటారు, కానీ క్యాంపస్‌లో సెల్ఫ్ ఫైనాన్స్ సీటు ఫీజు రెగ్యులర్ సీటు కంటే బాగా ఎక్కువ. ప్రైవేటు కాలేజీ ఫీజును ప్రభుత్వ నియంత్రణ సంఘం మూడేళ్లకోసారి నిర్ణయిస్తుంది. బస్సు, హాస్టల్, ఇతర రుసుములు దానికి అదనం. కన్వీనర్ కోటాలో ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎంత వస్తుంది, మిగతాది ఎంత కట్టాలి అన్నది రాయించుకోండి. రీయింబర్స్‌మెంట్ సొమ్ము ఆలస్యమైతే కాలేజీ ఏం చేస్తుందో అక్కడి విద్యార్థులను అడగండి. ఆ సాకుతోనైనా కాలేజీలు విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే స్పష్టంగా చెప్పింది.

ఇప్పటిదాకా చెప్పింది ఇంజినీరింగ్ గురించి. బీఏ, బీఎస్సీ, బీకాం దగ్గరికొస్తే నా తీర్పు తిరగబడుతుంది. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల క్యాంపస్‌లు ప్రధానంగా పీజీ, పరిశోధనల కోసం ఉన్నవి. డిగ్రీ చదువు ఎక్కువగా కాలేజీల్లోనే సాగుతుంది. కాబట్టి అనుభవమున్న అధ్యాపకులు నిలిచి ఉన్న చిన్న అటానమస్ కాలేజీలో, అది ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, బీఎస్సీ చేసి, తర్వాత సీపీగెట్ రాసి ఉస్మానియాకో, సీయూఈటీ రాసి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకో పీజీకి వెళ్లడం మంచి దారి. తోడు కావాల్సిన వయసులో తోడు, సరుకు కావాల్సిన వయసులో సరుకు దొరుకుతాయి. ఆడపిల్లను దూరం పంపలేమన్న ఇళ్లకు కూడా ఈ క్రమం కొంత ఊపిరినిస్తుంది. ఇంజినీరింగ్ విషయంలో మాత్రం, దూరం అనే ఒక్క కారణంతో మంచి క్యాంపస్ సీటు వదులుకోబోయే ముందు అమ్మ ఒక్కసారి వెళ్లి అక్కడి బాలికల హాస్టల్‌ను చూసి రావాలి. భయం చాలావరకు చూడని చోటు గురించే. చూశాక వద్దనుకుంటే అది ఆలోచించి తీసుకున్న నిర్ణయమే అవుతుంది.

చూడటానికి వెళ్లాల్సింది ర్యాంకు వచ్చాక కాదు. అప్పటికి కాలేజీల్లో సెలవులో పరీక్షలో ఉంటాయి, కనిపించేది అడ్మిషన్ కౌంటర్ ఒక్కటే. సంక్రాంతి వెళ్లాక, పిల్లలు ఇంటర్ పరీక్షలకు చదువుకుంటున్నప్పుడే, అమ్మానాన్నల్లో ఒకరు పనిదినాన మధ్యాహ్న భోజనం వేళ దాటాక వెళ్లండి. ప్రిన్సిపాల్ గదికీ ప్రచార విభాగానికీ వెళ్లకండి. ఆ బ్రాంచిలో రెండో ఏడాది, మూడో ఏడాది చదువుతున్నవాళ్లను పట్టుకోండి. ఇక్కడ మీకు అర్థమయ్యేలా చెప్పే మాస్టారు ఎవరు, ఏదైనా ఇబ్బంది వస్తే ఎవరి దగ్గరికి వెళ్తారు, ఈ సెమిస్టర్‌లో ల్యాబ్‌లో మీ చేతులతో మీరు చేసిందేమిటి అని అడగండి. పోల్చుకోవాలనుకున్న రెండు చోట్లా ఇవే ప్రశ్నలు అడగండి. వేర్వేరు విద్యార్థులు తడుముకోకుండా ఒకే అధ్యాపకుడి పేరు చెబితే ఆ డిపార్ట్‌మెంట్‌ను మీ ఆప్షన్ల జాబితాలో పైకి జరపండి. ఎవరి పేరూ చెప్పలేకపోతే, గేటు మీద ఏ బోర్డు ఉన్నా సరే, కిందికి దించండి.